సామూహిక నిధి సేకరణ: వర్షాధార సరిహద్దు మండలాల్లో చిన్న వ్యవసాయ పరిశ్రమల పెట్టుబడి – నాగల్‌గిద్ద పరిస్థితులలో ఒక పరిశీలన

సారాంశం

ఎక్కువ మంది నుంచి చిన్న మొత్తాలను సేకరించి ఒక వ్యాపారానికి పెట్టుబడిగా సమకూర్చే పద్ధతిని క్రౌడ్‌ఫండింగ్ లేదా సామూహిక నిధి సేకరణ అంటారు. ద్వీపాలలో, మారుమూల ప్రాంతాలలో నడిచే చిన్న వ్యాపారాలకు ఇది అనువైన మార్గమని ఇటీవలి కాలంలో విరివిగా చర్చ జరుగుతున్నది. సంగారెడ్డి జిల్లా నాగల్‌గిద్ద వంటి వర్షాధార సరిహద్దు మండలానికి ఈ పద్ధతి ఎంతవరకు వర్తిస్తుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. విరాళం, ముందస్తు కొనుగోలు, రుణం, వాటా అనే నాలుగు రూపాలలో వాన కురవని ఏడాది నష్టాన్ని ఎవరు భరిస్తారన్న ప్రశ్నను ఆధారంగా చేసుకొని, కంది పప్పు మిల్లును ఉదాహరణగా తీసుకొని, యంత్రానికి, ముడిసరుకుకు, పంట కాలానికి తగిన నిధి రూపాలను సూచిస్తుంది.

ఉపోద్ఘాతం

ద్వీపంలో వ్యాపారం చేసేవారి కష్టాలు స్థూలంగా నాలుగు. స్థానిక మార్కెట్ చిన్నది. సరుకు తేవడానికైనా, పంపడానికైనా రవాణా ఖర్చు అధికం. ఆదాయం ఏడాదిలో కొన్ని నెలలకే పరిమితం. అప్పు ఇచ్చేవారు కొద్దిమంది కావడం వల్ల వారు చెప్పిందే వడ్డీ. ఈ నాలుగు లక్షణాలకు సముద్రం తప్పనిసరి కాదు. చుట్టూ నేల ఉన్నా ఇవే లక్షణాలతో జీవించే ప్రాంతాలు దక్కన్ పీఠభూమిలో అనేకం. అటువంటి ప్రాంతాలలో పంట పండించడం ఒక సమస్య అయితే, పండిన పంటకు అక్కడికక్కడే విలువను జోడించలేకపోవడం మరొక సమస్య. రెండవ సమస్యకు మూలం సాంకేతిక పరిజ్ఞానం కొరవడటం కాదు, తగిన రూపంలో పెట్టుబడి దొరకకపోవడం.

ప్రాంత స్వరూపం

2016 అక్టోబరులో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణతో మెదక్ జిల్లా నుంచి సంగారెడ్డి జిల్లా వేరుపడింది. ఆ సందర్భంలో, అంతవరకు మనూరు మండలంలో భాగంగా ఉన్న నాగల్‌గిద్ద నారాయణఖేడ్ రెవెన్యూ డివిజన్‌లో ప్రత్యేక మండలమైంది. కర్ణాటకలోని బీదర్ జిల్లాకు ఆనుకొని ఉండటం వల్ల ఈ ప్రాంతంలో తెలుగుతో పాటు కన్నడ, మరాఠీ, లంబాడీ భాషలు వినిపిస్తాయి. వ్యవసాయం ప్రధానంగా వర్షాధారం. వానాకాలంలో కంది, పత్తి, సోయాచిక్కుడు, పెసర, మినుము, యాసంగిలో శనగ, జొన్న ఇక్కడి ముఖ్య పంటలు. పనుల కోసం హైదరాబాదుకు, చెరకు నరికే సీజనులో ఇతర ప్రాంతాలకు వలస వెళ్ళడం చాలా కాలంగా ఉన్నదే.

కందిని జూన్, జూలై నెలల్లో విత్తితే మధ్యకాలిక రకాలు డిసెంబరు, జనవరి నెలల్లో చేతికి వస్తాయి. అంటే విత్తనం, ఎరువు, సస్యరక్షణ, కూలి ఖర్చులన్నీ ఆరు నెలల పాటు ముందుగా పెట్టి, ఆదాయాన్ని రెండు నెలల్లో పొందవలసి ఉంటుంది. ఆ మధ్య కాలంలో అప్పు ఇచ్చిన వ్యాపారికే పంటను అమ్మవలసి రావడం అనేక గ్రామాలలో కనిపించే పరిస్థితి. కల్లం నుంచి కందులుగా వెళ్ళిన పంట కొన్ని నెలల తరువాత పప్పుగా అదే గ్రామపు కిరాణా దుకాణానికి తిరిగి వస్తుంది. పొట్టు, నూక, చున్నీ వంటి ఉపఉత్పత్తులు పశువుల దాణాగా ఉపయోగపడేవే అయినా, అవి మిల్లు ఉన్న పట్టణంలోనే మిగిలిపోతాయి. ఒక చిన్న పప్పు మిల్లు ఈ నష్టాన్ని కొంతవరకు తగ్గించగలదు. దానికి పెట్టుబడి ఎక్కడి నుంచి రావాలన్నదే ప్రశ్న.

పాత ఆచారం, కొత్త వేదిక

పదిమంది కలిసి పెట్టుబడి సమకూర్చుకోవడం తెలుగు గ్రామాలకు కొత్త కాదు. చిట్టీలు, మహిళా సంఘాల పొదుపు, గుడి నిర్మాణానికి ఇంటింటా చేసే వసూళ్ళు దీని రూపాలే. సహకార రంగంలో ఉమ్మడి కరీంనగర్ జిల్లాలోని ముల్కనూరు సహకార గ్రామీణ బ్యాంకు 1956లో సభ్యుల చిన్న వాటాలతో మొదలై, రుణాలతో పాటు ఉత్పాదకాల సరఫరా, పంట మార్కెటింగ్ చేపట్టే సంస్థగా ఎదిగింది. అదే ప్రాంతపు మహిళలు 2002లో తమ సొంత డెయిరీని ప్రారంభించారు. దేశవ్యాప్తంగా ప్రసిద్ధమైన మరొక ఉదాహరణ, శ్యామ్ బెనెగల్ దర్శకత్వంలో 1976లో వచ్చిన మంథన్ చిత్రం. గుజరాత్‌కు చెందిన 5 లక్షల మంది పాడి రైతులు తలా రూ. 2 చొప్పున ఇచ్చిన సొమ్ముతో అది నిర్మాణమైంది.

అంతర్జాలం ఈ పాత ఆచారానికి తెచ్చిన మార్పు ఒక్కటే. డబ్బు ఇచ్చేవారు, తీసుకునేవారు ఒకరికొకరు ముఖపరిచయం లేనివారు కావచ్చు. 2005లో అమెరికాలో ప్రారంభమైన కివా, 2008లో భారతదేశంలో ప్రారంభమైన రంగ్ దే వంటి వేదికలు పట్టణవాసుల చిన్న మొత్తాలను గ్రామీణ రుణగ్రహీతలకు చేర్చాయి. ముఖపరిచయం ఉన్నచోట నమ్మకం దానంతట అదే ఏర్పడుతుంది. అది లేనిచోట లెక్కల పుస్తకం, ఒప్పంద పత్రం, సకాలంలో ఇచ్చే సమాచారం ఆ పనిని చేయవలసి ఉంటుంది. గ్రామీణ సంస్థలు తరచుగా తక్కువ అంచనా వేసే ఖర్చు ఇదే.

నాలుగు రూపాలు: నష్టం ఎవరిది?

సామూహిక నిధులన్నీ ఒకే స్వభావం కలవి కావు. వాటిని వేరు చేసి చూడటానికి వర్షాధార ప్రాంతంలో అడగవలసిన మొదటి ప్రశ్న ఇది: వాన కురవని ఏడాది నష్టం ఎవరి ఖాతాలో పడుతుంది?

మొదటిది విరాళం. ఇచ్చినవారు తిరిగి ఏమీ ఆశించరు. పంట పోయినా తీసుకున్నవారిపై తిరిగి చెల్లించే భారం ఉండదు. స్కాట్లాండ్ పశ్చిమ తీరంలోని ఈగ్ అనే చిన్న ద్వీపం దీనికి చక్కని ఉదాహరణ. తమ ద్వీపం ఒక భూస్వామి చేతి నుంచి మరొకరి చేతికి మారుతూ ఉండటంతో, అక్కడి నివాసులు స్థానిక మండలితోను, వన్యప్రాణి సంరక్షణ సంస్థతోను కలిసి ట్రస్టుగా ఏర్పడి, ప్రధానంగా ప్రజా విరాళాలతో 1997లో 15 లక్షల పౌండ్లకు ద్వీపాన్ని కొనుగోలు చేశారు. 2008లో గాలి, నీరు, సూర్యరశ్మి ఆధారంగా సొంత విద్యుత్ వ్యవస్థను ఏర్పాటు చేసుకున్నారు. భూమి కొనుగోలు ప్రధానంగా విరాళాలతో జరగడం వల్ల, ద్వీపంలోని చిన్న వ్యాపారాల స్వల్ప ఆదాయం ఆ పాత అప్పు వడ్డీకి పోయే అవసరం రాలేదు. అయితే విరాళం ఒకసారి వచ్చేది. ఏటా అవసరమయ్యే ఖర్చుకు దానిపై ఆధారపడితే సంస్థ పనితీరు కంటే దాతల సానుభూతే ముఖ్యమవుతుంది. పేదరికాన్ని ప్రదర్శించి నిధులు కోరే ధోరణికి కూడా ఇదే దారి తీస్తుంది. రైతును దీనుడిగా చూపి సేకరించిన సొమ్ము, రేపు అదే రైతు నాణ్యమైన సరుకు అమ్మబోయినప్పుడు కొనుగోలుదారు దృష్టిలో అతని స్థాయిని తగ్గిస్తుంది.

రెండవది ముందస్తు కొనుగోలు. వినియోగదారులు పప్పుకు ముందుగా ధర చెల్లించి, పంట వచ్చిన తరువాత సరుకు తీసుకుంటారు. ఇందులో నష్టభారం ఒప్పందంపై ఆధారపడి ఉంటుంది. పంట పోతే సొమ్ము వాపసు ఇస్తారా, మరుసటి ఏడాది సరుకు ఇస్తారా, ధర పెరిగితే పరిమాణం తగ్గిస్తారా అన్నది ముందే రాసుకోకపోతే నష్టమంతా ఉత్పత్తిదారుదే అవుతుంది.

మూడవది రుణం. వాన కురిసినా కురవకపోయినా అసలు, వడ్డీ చెల్లించవలసిందే. రుణదాత వడ్డీ కోరకపోయినా, మధ్యనున్న స్థానిక సంస్థ తన నిర్వహణ ఖర్చుల కోసం రుణగ్రహీత నుంచి వడ్డీ వసూలు చేయవచ్చు. కివా భాగస్వామ్య సంస్థలలో చాలావాటి పద్ధతి ఇదే. కనుక రుణగ్రహీత చూడవలసింది దాత పొందే వడ్డీని కాదు, తన చేతి నుంచి పోయే మొత్తాన్ని.

నాలుగవది వాటా. వాటాదారు లాభంలోను, నష్టంలోను భాగస్వామి. కరువు సంభావ్యత అధికంగా ఉన్న ప్రాంతానికి సిద్ధాంతరీత్యా ఇదే అత్యంత అనువైన రూపం. ఆచరణలో దీనికే చట్టపు హద్దులు ఎక్కువ.

చట్టపు హద్దులు

ఒక ప్రైవేటు కంపెనీ అంతర్జాలంలో ప్రకటించి ప్రజలందరికీ వాటాలు అమ్మడానికి భారతీయ చట్టం అనుమతించదు. 2013 కంపెనీల చట్టం 42వ సెక్షను కింద జరిగే ప్రైవేటు కేటాయింపు, సంస్థాగత మదుపుదారులను, ఉద్యోగులను మినహాయించి ఒక ఆర్థిక సంవత్సరంలో 200 మందికి మించరాదు. సెబీ 2014లో క్రౌడ్‌ఫండింగ్‌పై ఒక చర్చా పత్రాన్ని విడుదల చేసింది. రైతు ఉత్పత్తిదారుల కంపెనీ విషయంలో మరొక అంశం ఉన్నది. అందులో ఉత్పత్తిదారులు, వారి సంస్థలు మాత్రమే సభ్యులు కాగలరు. హైదరాబాదులోని ఉద్యోగి ఎంత అభిమానం చూపినా, ఉత్పత్తిదారు కానప్పుడు అందులో వాటా కొనలేరు. బయటి సొమ్ము విరాళంగానో, ముందస్తు కొనుగోలుగానో, రుణంగానో రావలసిందే.

అంతర్జాల వేదికల ద్వారా వ్యక్తుల మధ్య జరిగే రుణాలకు రిజర్వు బ్యాంకు 2017 అక్టోబరులో నిబంధనలు జారీ చేసింది. వాటి ప్రకారం వేదిక నమోదైన బ్యాంకేతర ఆర్థిక సంస్థ అయి ఉండాలి. ఒక రుణదాత ఒకే రుణగ్రహీతకు ఇచ్చేది రూ. 50,000 మించరాదు. ఒక రుణగ్రహీత అన్ని వేదికలలో కలిపి తీసుకునేది రూ. 10 లక్షలు మించరాదు. గడువు గరిష్ఠంగా 36 నెలలు. రుణం తిరిగి రాకపోతే వేదిక హామీ ఉండదు.

గ్రామంలోనే ఎవరికి వారు వసూళ్ళు ప్రారంభించి, ఏడాదికి ఇంత వడ్డీ కలిపి తిరిగి ఇస్తామని ప్రజల నుంచి సొమ్ము తీసుకుంటే, అది 2019లో వచ్చిన అనియంత్రిత డిపాజిట్ల నిషేధ చట్టం పరిధిలోకి వచ్చి శిక్షార్హం కావచ్చు. సరుకు సరఫరా కోసం తీసుకున్న ముందస్తు సొమ్ము సాధారణంగా డిపాజిట్ కాదు. కంపెనీల విషయంలో అటువంటి సొమ్మును 365 రోజుల లోపు సరుకు సరఫరాకు సర్దుబాటు చేయాలి. కందికి ఈ గడువు సరిపోతుంది. అయితే ఒక పంట పోయి, మరుసటి పంట నుంచి ఇస్తామనుకుంటే గడువు దాటిపోయే ప్రమాదం ఉన్నది. అందువల్ల ముందస్తు సొమ్మును విత్తే సమయంలో కాక, పంట అంచనా తెలిసే నవంబరు, డిసెంబరు నెలల్లో సేకరించడం క్షేమకరం.

విదేశాలలోని తెలుగువారి నుంచి విరాళాలు సేకరించదలచిన సంస్థలు 2010 విదేశీ విరాళాల నియంత్రణ చట్టాన్ని గమనించాలి. భారత పౌరసత్వం నిలుపుకొన్న ప్రవాసులు సొంత ఆదాయం నుంచి బ్యాంకు ద్వారా పంపే సొమ్ము విదేశీ విరాళం కాదు. విదేశీ పౌరసత్వం స్వీకరించినవారు ఇచ్చేది, వారు తెలుగువారే అయినా, విదేశీ విరాళమే. దానికి ముందుగా నమోదు గాని అనుమతి గాని అవసరం.

పప్పు మిల్లు: ఒక నమూనా లెక్క

చిన్న పప్పు మిల్లుల సాంకేతికత దేశంలో చాలా కాలంగా అందుబాటులో ఉన్నది. మైసూరులోని కేంద్రీయ ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ, అకోలాలోని పంజాబ్‌రావ్ దేశ్‌ముఖ్ కృషి విద్యాపీఠం రూపొందించిన నమూనాలు సుపరిచితాలు. కందులను శుభ్రపరచి, పరిమాణాన్ని బట్టి వేరు చేసి, గాట్లు పెట్టి, కొద్దిగా నూనె పట్టించి, ఎండబెట్టి, పొట్టు తీసి బద్దలు చేయడం ఇందులోని క్రమం. ఈ క్రమం సరిగా పాటిస్తే క్వింటాలు కందులకు 70 నుంచి 75 కిలోల పప్పు వస్తుంది. ఎండబెట్టడం సూర్యరశ్మిపై ఆధారపడినందున చిన్న మిల్లుకు అసలైన పని కాలం జనవరి నుంచి మే వరకే.

కింది అంకెలు విషయాన్ని వివరించడానికి తీసుకున్న నమూనా అంకెలు మాత్రమే. ధరలను ఏటా సరిచూసుకోవాలి. షెడ్డు, కళ్ళం, యంత్రాలు, విద్యుత్ కనెక్షనుకు కలిపి రూ. 10 లక్షలు అవసరమనుకుందాం. 2020లో ప్రారంభమైన సూక్ష్మ ఆహార శుద్ధి పరిశ్రమల క్రమబద్ధీకరణ పథకం నియమాల ప్రకారం అర్హమైన వ్యయంలో 35 శాతం రుణంతో ముడిపడిన రాయితీ లభిస్తుంది. లబ్ధిదారు వాటా కనీసం 10 శాతం, అంటే రూ. లక్ష. మిగిలినది బ్యాంకు రుణం. ఇక్కడ సామూహిక నిధికి మొదటి స్థానం కనిపిస్తుంది. 100 మంది సభ్యులు తలా రూ. 1,000 వేసుకుంటే సొంత వాటా పూర్తవుతుంది. ఆ లక్ష రూపాయలు తక్కిన తొమ్మిది లక్షలకు తలుపు తెరుస్తాయి. ఈ లక్షను కూడా అప్పుగా తెస్తే సొంత వాటా అన్న నియమానికి అర్థం ఉండదు. తొలి ఏడాదే రెండు అప్పుల వాయిదాలు మీద పడతాయి. కనుక ఈ భాగానికి సభ్యుల వాటా లేదా విరాళం మాత్రమే తగినది.

యంత్రం వచ్చిన తరువాత అసలు ప్రశ్న మొదలవుతుంది. గంటకు ఒక క్వింటాలు ఆడించగల మిల్లు రోజుకు 8 గంటలు నడిస్తే 8 క్వింటాళ్ళ కందులు కావాలి. 2025-26 సంవత్సరానికి కంది కనీస మద్దతు ధర క్వింటాలుకు రూ. 8,000. ఆ ధర ప్రకారం ఒక రోజు ముడిసరుకు విలువ రూ. 64,000. కేవలం 100 క్వింటాళ్ళు కొని ఉంచుకోవడానికి రూ. 8 లక్షలు కావాలి. అది 13 రోజుల పనికి కూడా చాలదు. అంటే రెండు వారాల ముడిసరుకు, యంత్రం మొత్తం వ్యయానికి దాదాపు సమానం. దాతలు యంత్రానికి ఇష్టపడి ఇస్తారు, ఎందుకంటే అది కంటికి కనిపిస్తుంది, దానిపై పేరు రాయవచ్చు. కందుల బస్తాలకు ఎవరూ విరాళం ఇవ్వరు. గ్రామాలలో ప్రారంభోత్సవం జరిగి, ఆ తరువాత తాళం పడిన యంత్రాల వెనుక తరచుగా ఉన్న కారణం ఈ నిర్వహణ పెట్టుబడి కొరతే.

దీనికి రెండు పరిష్కారాలు ఉన్నాయి. మొదటి ఏడాది మిల్లును కూలి మరగానే నడపడం ఒకటి. రైతు తన కందులు తెచ్చి, ఆడించుకొని, క్వింటాలుకు నిర్ణీత కూలి చెల్లించి, పప్పు తీసుకువెళతాడు. సంస్థకు ముడిసరుకు పెట్టుబడి అవసరం ఉండదు. యంత్రం నడపడంలో నైపుణ్యం పెరుగుతుంది. ఎంత పప్పు దిగుతుందో సొంత లెక్క తయారవుతుంది.

రెండవ పరిష్కారం ముందస్తు కొనుగోలు. 200 కుటుంబాలు తలా 10 కిలోల పప్పుకు, కిలో రూ. 150 చొప్పున రూ. 1,500 ముందుగా చెల్లించాయనుకుందాం. వచ్చే సొమ్ము రూ. 3 లక్షలు, ఇవ్వవలసిన పప్పు 20 క్వింటాళ్ళు. 72 శాతం పప్పు దిగితే సుమారు 27.8 క్వింటాళ్ళ కందులు కావాలి. వాటి ఖరీదు రూ. 2.22 లక్షలు. మిగిలేది సుమారు రూ. 78,000, అంటే కిలోకు రూ. 39. ఆడించే ఖర్చు, సంచులు, రవాణా, వేదిక రుసుము, బ్యాంకు వాయిదా ఇందులో నుంచే రావాలి.

ఇక్కడ వ్యవసాయ శాస్త్రం, ఆర్థిక శాస్త్రం కలుస్తాయి. కందులు సమానంగా ఎండక, గింజ పరిమాణం కలగలుపై, పప్పు 65 శాతమే దిగితే 30.8 క్వింటాళ్ళు కావాలి. మిగులు కిలోకు రూ. 27కు పడిపోతుంది. పప్పు 72 శాతం దిగినా కంది ధర రూ. 10,000కు చేరితే మిగిలేది కిలోకు రూ. 11 మాత్రమే. 2024లో కంది ధర మద్దతు ధరను గణనీయంగా మించిన అనుభవం రైతులకు, మిల్లర్లకు గుర్తుండే ఉంటుంది. కనుక ముందస్తు ఒప్పందంలో ధర నిబంధన లేకుండా సేకరించిన సొమ్ము, పైకి పెట్టుబడిలా కనిపించినా, లోపల నష్టపు బీజాన్ని కలిగి ఉంటుంది. ఒకే రకం విత్తనం, సకాలంలో కోత, 10 శాతం లోపు తేమతో నిల్వ, పుచ్చు పురుగు నివారణ అనే నాలుగు జాగ్రత్తలు పంట నాణ్యతకే కాక నిధి ఇచ్చినవారికి చేసిన వాగ్దానానికి కూడా రక్షణ.

పంట కాలం – చెల్లింపు కాలం

రుణం తప్పనిసరి అయినప్పుడు దాని పరిమాణం కంటే వాయిదా తేదీ ముఖ్యం. జనవరి నుంచి మే వరకు ఆదాయం పొందే మిల్లుకు ఆగస్టులో వాయిదా విధిస్తే, ఆ వాయిదా మరొక అప్పుతోనే తీరుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మ రుణ సంస్థల సంక్షోభం దీనికి చేదు నిదర్శనం. వారం వారం వసూళ్ళు, ఒకే కుటుంబానికి పలు సంస్థల రుణాలు, వసూలు ఒత్తిడి తీవ్రమైన పరిస్థితులలో 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తీసుకురావలసి వచ్చింది. పంటపై ఆధారపడిన ఆదాయానికి వారపు వాయిదా సరిపడదన్న పాఠాన్ని అంతర్జాల వేదికలు కూడా గుర్తుంచుకోవాలి. 36 నెలల గడువులో కందికి మూడు సీజన్లే వస్తాయి. వాటిలో ఒకటి కరువు ఏడాది అయ్యే అవకాశాన్ని లెక్కలోకి తీసుకొని, రెండు సీజన్ల ఆదాయంతో తీరగలిగినంత రుణమే తీసుకోవాలి.

దీనికి భిన్నమైన నమూనా ఇదే జిల్లాలో ఉన్నది. 1983లో జహీరాబాద్ ప్రాంతంలోని పస్తాపూర్ కేంద్రంగా ఏర్పడిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ, దళిత మహిళలు ప్రధానంగా ఉన్న గ్రామ సంఘాల ద్వారా 1990 దశకం మధ్యలో సామూహిక ధాన్య నిధిని చేపట్టింది. కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ సహాయంతో, బీడుపడిన భూములను సాగులోకి తేవడానికి దుక్కి, ఎరువు, విత్తనం కోసం చిన్న రైతులకు రుణం ఇచ్చారు. వారు దానిని డబ్బుగా కాక, ఐదేళ్ళ పాటు జొన్నల రూపంలో గ్రామ నిధికి తిరిగి చెల్లించారు. ఆ ధాన్యాన్ని గ్రామంలోనే నిల్వ చేసి, సంఘం మహిళలు గుర్తించిన పేద కుటుంబాలకు తక్కువ ధరకు అందించారు. ఈ సంఘాల విత్తన నిధులలోను ఇదే సూత్రం. తీసుకున్న విత్తనాన్ని పంట తరువాత ఎక్కువ కొలతతో తిరిగి ఇస్తారు. ఈ సంస్థకు 2019లో ఈక్వేటర్ పురస్కారం లభించింది.

ఈ నిధి అంతర్జాలంలో సేకరించినది కాదు, ప్రభుత్వ సహాయంతో ఏర్పడినది. అయినా పాఠం స్పష్టం. భూమి ఏమి ఇస్తుందో దానితోనే, అది ఇచ్చే కాలంలోనే చెల్లింపు జరిగింది. మార్కెట్ ధర పడిపోయినా రైతు అదనంగా అమ్ముకోవలసిన అవసరం రాలేదు. చెల్లించిన ధాన్యం బయటికి పోకుండా గ్రామంలోనే ఆకలి తీర్చింది. ముందస్తు కొనుగోలు పద్ధతి ఈ సూత్రానికి సమీపంగా ఉంటుంది. పట్టణ వినియోగదారు పొందేది వడ్డీ కాదు, పప్పు.

నాగల్‌గిద్ద వంటి మండలానికి సూచించదగిన క్రమం

1. నిధి సేకరణకు ముందు సంస్థను స్థిరపరచాలి. మహిళా సంఘాల గ్రామ సమాఖ్య గాని, పరస్పర సహాయ సహకార సంఘం గాని, రైతు ఉత్పత్తిదారుల కంపెనీ గాని కావచ్చు. మూడేళ్ళ లెక్కలు, సమావేశాల తీర్మానాల పుస్తకం సిద్ధంగా ఉన్న సంస్థకే బయటివారి సొమ్ము అడిగే అర్హత.

2. మొదటి సొమ్ము సభ్యులదే కావాలి. 2020లో ప్రకటించిన 10,000 రైతు ఉత్పత్తిదారుల సంస్థల పథకంలో సభ్యుని వాటాకు సమానంగా, సభ్యునికి గరిష్ఠంగా రూ. 2,000 చొప్పున, సంస్థకు రూ. 15 లక్షలు మించకుండా మూలధన సహాయం ఉన్నది. అర్హత గల సంస్థలో సభ్యుడు వేసిన రూపాయి రెండు రూపాయలవుతుంది. ఏ అంతర్జాల వేదిక కూడా ఇంత ప్రతిఫలం ఇవ్వజాలదు.

3. మొదటి కొనుగోలుదారులు గ్రామం నుంచి హైదరాబాదుకు వెళ్ళి స్థిరపడినవారు, వారి ఇరుగుపొరుగువారు. వారికి ఈ నేల తెలుసు, కరువు అంటే ఏమిటో తెలుసు. పంట ఆలస్యమైతే వారికి వివరించడం సులభం. అపరిచితుల వద్దకు రెండవ ఏడాది, ఒక ఏడాది సరఫరా చేసిన రికార్డుతో వెళ్ళాలి.

4. ముందస్తు కొనుగోలు పత్రంలో నాలుగు విషయాలు ఉండాలి: సరుకు అందే నెల, కంది ధర ఒక హద్దు దాటితే పరిమాణం ఎలా మారుతుంది, పంట పోతే సొమ్ము ఎప్పటిలోగా వాపసు ఇస్తారు, ఫిర్యాదు ఎవరికి చేయాలి.

5. సేకరించిన ముందస్తు సొమ్మును ప్రత్యేక ఖాతాలో ఉంచి, ముడిసరుకు కొనుగోలుకే వాడాలి. దానితో పాత అప్పు తీర్చడం, షెడ్డు కట్టడం చేయరాదు.

6. విరాళాలను కళ్ళం, తేమ కొలిచే పరికరం, తూకం యంత్రం వంటి ఒకసారి కొనే వాటికి పరిమితం చేయాలి. అత్యవసర రుణానికి స్త్రీనిధి వంటి సంఘాల సొంత రుణ వ్యవస్థను మొదట ఆశ్రయించి, అంతర్జాల రుణ వేదికలను చివరి మార్గంగా చూడాలి.

7. పొరుగున ఉన్న వికారాబాద్ జిల్లా తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ పేరును ఇతర ప్రాంతపు సరుకుకు వాడటం చట్టవిరుద్ధం. నాగల్‌గిద్ద పప్పు నాగల్‌గిద్ద పేరుతోనే, తన నాణ్యతతోనే గుర్తింపు పొందాలి.

ముగింపు

సామూహిక నిధి సేకరణ చిన్న వ్యాపారానికి తాకట్టు లేని పెట్టుబడిని, దానితో పాటు కొనుగోలుదారులను కూడా తెచ్చిపెట్టగలదు. ఒక అడ్తిదారు మీద ఆధారపడిన రైతుకు 200 కుటుంబాల కొనుగోలు ఒప్పందం బేరమాడే శక్తిని ఇస్తుంది. ఇది దాని అసలు విలువ. అయితే అది సాగునీటికి, పంట బీమాకు, సకాల బ్యాంకు రుణానికి ప్రత్యామ్నాయం కాదు. వర్షాధార ప్రాంతపు నష్టభయాన్ని అది తొలగించదు, ఒకరి నుంచి మరొకరికి మార్చుతుంది, అంతే. ఆ మార్పు తెలిసి జరగాలి. అందువల్ల విస్తరణ అధికారులు, సమాఖ్యల నాయకురాళ్ళు, ఉత్పత్తిదారుల సంస్థల డైరెక్టర్లు ఏ నిధి ప్రతిపాదననైనా చేతిలోకి తీసుకున్నప్పుడు ఎంత సొమ్ము వస్తుందన్న ప్రశ్న కంటే ముందు, వాన లేని ఏడాది దీని భారం ఎవరిపై పడుతుందన్న ప్రశ్నకు కాగితంపై సమాధానం రాయించుకోవాలి. ఆ సమాధానం రైతు కుటుంబం ఒక్కటే అయితే, ఆ ప్రతిపాదన ఎంత కొత్త వేదిక నుంచి వచ్చినా పాత అప్పుకు మరో రూపమే.